‘ఏం కాదులే, ధైర్యంగా ఉండు’: కొవిడ్ రోజుల్లో మన ఫోన్లు మాట్లాడిన భాష

2021 మే మొదటి వారం. మా పదో తరగతి వాట్సాప్ గ్రూపులో రోజూ పొద్దున ఏడింటికి ఒక అంకె వచ్చేది. 95. మర్నాడు 94. ఆ మర్నాడూ 94. పక్కన ఇంకో మాట ఉండేది కాదు. రక్తంలో ఆక్సిజన్ శాతం చూపే ఆక్సీమీటర్ వేలికి తగిలించుకుని, అది చూపించిన అంకెను మా స్నేహితుడు ఒకడు టైపు చేసి పెట్టేవాడు, అంతే. కింద వరసగా బొటనవేళ్లు, దండం బొమ్మలు, ‘ఏం కాదులేరా, ధైర్యంగా ఉండు’ అన్న మాటలు. ఒకరోజు 88 అని వచ్చింది. ఆ రోజు బొటనవేలు ఎవరూ పెట్టలేదు. ‘ఒరేయ్, ఎక్కడున్నావు, బెడ్ దొరికిందా’ అని అందరూ ఒక్కసారే అడిగారు. నేను విడిగా పెట్టిన మెసేజీకి రెండు టిక్కులు పడ్డాయి గానీ అవి నీలం కాలేదు.

ఆ అంకెల్లో ఏడుపు లేదు, భయం అన్న మాటే లేదు. అయినా ఆ ఏడాది నేను చదివిన వాటన్నిటిలో అంత భయం నిండిన రాత ఇంకొకటి కనబడలేదు.

కొవిడ్ కాలంలో జనం సోషల్ మీడియాలో మనసు ఎలా విప్పుకున్నారో తెలుసుకోవడానికి ప్రపంచమంతటా లెక్కలు కట్టారు. ఎక్కువగా వాడిన పద్ధతి ఒకటుంది. లక్షల పోస్టులు పోగేస్తారు. వాటిలోని మాటల్ని ముందే తయారుచేసుకున్న జాబితాతో సరిచూస్తారు. సంతోషం, ప్రేమ, మంచి వంటి మాటలు ఒక బుట్టలో, భయం, ఏడుపు, చావు వంటివి ఇంకో బుట్టలో పడతాయి. ఏ బుట్ట ఎంత నిండిందో చూసి ఆ వారం జనం మనసు ఎలా ఉందో చెబుతారు. అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్త జేమ్స్ పెన్నెబేకర్ బృందం ఇలాంటి మాటల లెక్కకు 1990ల్లోనే సాఫ్ట్‌వేర్ తయారుచేసింది. పద్ధతి పనికిరానిదేం కాదు. లక్షల మంది రాతలు కలిపి చూసినప్పుడు పెద్ద కుదుపులు దానికి అందుతాయి. కానీ మన రాతల దగ్గరికి వచ్చేసరికి బుట్టలు తారుమారవుతాయి.

‘నాన్నకు పాజిటివ్ వచ్చింది’ అన్న వాక్యం తీసుకోండి. మామూలు రోజుల్లో తయారైన జాబితాకు ‘పాజిటివ్’ మంచి మాట. ఆ రోజుల్లో ఆ మాట వినగానే కాళ్లలో సత్తువ పోయేది. ‘అమ్మకు నెగెటివ్’ అని పెడితే కింద పూలగుత్తులు, లడ్డూ బొమ్మలు వచ్చేవి. ‘ఏం భయం లేదు’ అన్నదాంట్లో భయం ఉంది, లేదు కూడా ఉంది. యంత్రం దాన్ని ఏ బుట్టలో వేస్తుందో గానీ, మనకు తెలుసు, భయం నిజంగా లేని చోట ఆ మాట ఎవరూ అనరు. ఇక ‘ఏం కాదు’ సంగతి. విడదీసి చూస్తే అందులో ఏ భావమూ చేతికి చిక్కదు. కానీ ఆ రెండేళ్లలో తెలుగువాళ్లు ఒకరికొకరు ఇచ్చుకున్న ఓదార్పులో సగం ఆ రెండు మాటల్లోనే ఉంది.

అందుకే నేననేది, మనవాళ్లు అప్పుడు భావాన్ని భావంగా రాసింది తక్కువ. దానికి ఏదో ఒక పని అప్పగించారు. భయం వేసినవాళ్లు సలహా పంపారు, గుండె పగిలినవాళ్లు ఫోన్ నంబర్లు వెతికారు. పైకి కనిపించే మాటను పట్టుకుని లోపలి మనసును కొలవబోతే చేతికి దక్కేది పొట్టు మాత్రమే.

మన భాషలో ‘ధైర్యం చెప్పడం’ అన్న పలుకుబడి ఉంది కదా. ధైర్యం ఇవ్వం, చెబుతాం. చెప్పేవాడి దగ్గర అది ఉండాలన్న నియమం కూడా లేదు. మా పెద్దమ్మ 2020 వేసవిలో రోజూ రాత్రి పదకొండు దాటాక ఒక ఫార్వర్డ్ పంపేది. శొంఠి, మిరియాలు, పసుపు వేసిన కషాయం ఒకరోజు, వేడినీళ్లు పుక్కిలిస్తే వైరస్ గొంతులోనే చచ్చిపోతుందన్న మెసేజీ ఇంకోరోజు. మొదట్లో నేను ‘అది తప్పు పెద్దమ్మా’ అని వివరంగా రాసేవాణ్ని. ఆవిడ ఒక దండం బొమ్మ పెట్టి ఊరుకునేది, మర్నాడు ఇంకోటి పంపేది. కొడుకు డాలస్‌లో, కూతురు బెంగళూరులో, ఆవిడ ఒక్కతే ఊళ్లో. ఒక రాత్రి ఎందుకో ‘సరే పెద్దమ్మా, నువ్వెట్లా ఉన్నావు, నిద్ర పట్టడం లేదా’ అని అడిగాను. వెంటనే ఫోన్ చేసింది. నలభై నిమిషాలు మాట్లాడింది. అందులో వైరస్ మాట ఒక్కసారి కూడా రాలేదు. అప్పటిదాకా నేను ఆవిడ పంపిన సమాచారానికి జవాబిస్తూ వచ్చాను. ఆవిడకు కావాల్సింది పలకరింపు.

ఇలా అన్నానని తప్పుడు ఫార్వర్డులు అమాయకమైనవని కాదు. సలహా వేషం వేసుకుని తిరిగే భయానికి ప్రాణాలు తీసే శక్తి ఉంది. ఆంధ్రప్రదేశ్‌లో తొలి కొవిడ్ కేసు 2020 మార్చి 12న నెల్లూరులో బయటపడింది. అంతకు నెల ముందే, ఫిబ్రవరిలో, చిత్తూరు జిల్లాలో ఒక పెద్దమనిషి ఫోన్‌లో కరోనా వీడియోలు చూసి చూసి, తనకు వచ్చిన జ్వరం అదేనని నమ్మి, తన నుంచి ఇంట్లోవాళ్లకు సోకుతుందని బెంగపడి ప్రాణం తీసుకున్నాడు. వైరస్ కంటే ముందు ఆ ఊరికి దాని భయం చేరింది. అదే నెలలో, ఫిబ్రవరి 15న, ప్రపంచ ఆరోగ్య సంస్థ అధిపతి టెడ్రోస్ మ్యూనిక్‌లో మాట్లాడుతూ, మనం అంటువ్యాధితోనే కాదు, తప్పుడు సమాచారపు వెల్లువైన ‘ఇన్ఫోడెమిక్’తోనూ పోరాడుతున్నామన్నారు. ఏప్రిల్ 7న వాట్సాప్ ఒక కట్టడి తెచ్చింది. అప్పటికే చాలాసార్లు చేతులు మారిన మెసేజీని ఒకసారికి ఒక్క చాట్‌కే పంపగలరు. దాంతో వేగం తగ్గింది. పంపాలన్న ఆరాటం ఎక్కడికి పోతుంది? కాపీ చేసి, అతికించి పంపడం మా గ్రూపుల్లో అందరూ నేర్చుకున్నారు.

జనతా కర్ఫ్యూ నాడు పళ్లేలు మోగించిన మార్చి 22 సాయంత్రం గురించి, మొదటి లాక్‌డౌన్‌లో దీపాలు పెట్టిన ఏప్రిల్ 5 రాత్రి గురించి ఎన్నో వాదనలు జరిగాయి. వాటిలోకి వెళ్లను. అందరం ఒకే నిమిషంలో ఒకే పని చేసి, దాన్ని ఫోన్‌లో తీసి ఒకరికొకరం పంపుకోవడంలో ఒక ఊరట దొరికిందన్నది మాత్రం కాదనలేను. ఆ ఊరట బలం ఏమిటో తెలుగువాళ్లకు పూర్తిగా తెలిసింది ఆ ఏడాది ఆగస్టులో.

2020 ఆగస్టు 5న ఎస్పీ బాలసుబ్రహ్మణ్యం ఫేస్‌బుక్‌లో ఒక వీడియో పెట్టారు. ఛాతీలో కాస్త ఇబ్బంది, జలుబు, వచ్చిపోయే జ్వరం తప్ప ఇంకేం లేదన్నారు. ఇంట్లో ఉండొచ్చని డాక్టర్లు అన్నా, ఇంట్లోవాళ్లను కష్టపెట్టడం ఎందుకని ఆసుపత్రిలో చేరానన్నారు. కంగారుపడి ఎవరూ ఫోన్లు చేయొద్దని కోరారు. చూడండి, ఇక్కడా అదే. జబ్బుపడ్డ మనిషే చూసేవాళ్లకు ధైర్యం చెబుతున్నాడు. ఆగస్టు 14న పరిస్థితి విషమించిందని ఆసుపత్రి ప్రకటించాక, కొడుకు చరణ్ తరచూ చిన్న చిన్న వీడియోలు పెట్టడం మొదలుపెట్టారు. మా ఇంట్లో సాయంత్రం కాఫీ వేళ అయ్యేసరికి ‘చరణ్ ఏమన్నాడు’ అన్నది రోజువారీ ప్రశ్న అయిపోయింది. చుట్టరికం లేని ఒక కుర్రాడి ముఖంలో ఆ రోజు అలసట ఎంత ఉందో చూసి, తండ్రి ఎలా ఉన్నాడో అంచనా వేసేవాళ్లం.

ఆగస్టు 20 సాయంత్రం ఆరింటికి ఎక్కడివాళ్లక్కడ ఆయన కోసం ప్రార్థించాలని భారతీరాజా, ఇళయరాజా వంటివాళ్లు పిలుపునిచ్చారు. ఆ సమయానికి జనం ఆయన పాటలు పెట్టుకుని కూర్చున్నారు. ఆ వీడియోల్లో దేవుడి గదులు కనిపించాయి, చర్చి బల్లలు కనిపించాయి, ఆటో స్టాండులో స్పీకరు ముందు చేతులు కట్టుకుని నిలబడ్డవాళ్లు కనిపించారు. ఆశ అంత బలంగా ఉన్నచోట పుకారు పుట్టకుండా ఉండదు. ఆగస్టు 24న ఆయనకు నెగెటివ్ వచ్చిందన్న వార్త క్షణాల్లో తిరిగింది. అది నిజం కాదని చరణ్ స్వయంగా చెప్పాల్సి వచ్చింది. సెప్టెంబరు మొదట్లో నిజంగానే నెగెటివ్ వచ్చింది గానీ ఊపిరితిత్తులు కోలుకోలేదు. సెప్టెంబరు 25 మధ్యాహ్నం ఆయన వెళ్లిపోయారు.

ఆ రోజు ఫోన్లలో పొంగిన దుఃఖం ఒక్క గాయకుడి కోసమే అనుకోను. అప్పటికి ఎన్నో ఇళ్లలో మనుషులు పోయి ఉన్నారు. శవాన్ని చూడనివ్వలేదు, నలుగురు మోయలేదు, పరామర్శకు ఎవరూ రాలేదు. కొన్నిచోట్ల కొవిడ్ అన్న మాట బయటికి పొక్కకుండా ‘గుండెపోటు’ అని చెప్పుకున్నారు. బయటికి ఏడవడానికి వీల్లేని ఆ ఏడుపంతా బాలు గారి పాటల కింద కామెంట్లలో చోటు వెతుక్కుంది. ‘మా నాన్న మీ అభిమాని సార్, జులైలో పోయారు’ అన్న ధోరణిలో రాసినవి నేను చాలా చూశాను. ఇది ఉత్త ఊహ కూడా కాదు. 2015 నవంబరు పారిస్ దాడుల తర్వాత డేవిడ్ గార్సియా, బెర్నార్ రిమే అన్న ఇద్దరు పరిశోధకులు దాదాపు 62 వేల మంది ఫ్రెంచ్ ట్విటర్ వాడకందార్ల రాతలను పరిశీలించారు. ఆ రోజుల్లో అందరితో కలిసి ఎక్కువగా బాధ చెప్పుకున్నవాళ్ల రాతల్లో, తర్వాత నెలల్లో కూడా సంఘీభావపు మాటలు ఎక్కువగా కనిపించాయి. కలిసి ఏడిస్తే బాధ తగ్గుతుందో లేదో గానీ, మనుషులు దగ్గరవుతారు.

అదే దుఃఖానికి రెండో ముఖమూ ఉంది. ఆయనకు జబ్బు ఫలానా గాయని వల్లే సోకిందని ఒక మెసేజీ పుట్టి, ఆవిడ తన పరీక్షల వివరాలు బయటపెట్టి సంజాయిషీ చెప్పుకునేదాకా వెళ్లింది. కారణం కనబడని చావును మనసు ఒప్పుకోదు. ఎవరో ఒకరు దొరకాలి. అంతకు కొన్ని నెలల ముందు మార్చి 30న, తబ్లీగీ జమాత్ అనే ముస్లిం సంస్థ కేంద్రమైన ఢిల్లీ మర్కజ్‌కు వెళ్లొచ్చినవాళ్లలో ఆరుగురు చనిపోయారని తెలంగాణ ప్రభుత్వం ప్రకటించాక, ఒక మతం మొత్తాన్నే దోషిగా నిలబెట్టిన హ్యాష్‌ట్యాగులు దేశమంతా తిరిగాయి. కూరగాయల బండివాణ్ని పేరు అడిగి వెనక్కి పంపిన వీడియోలు వచ్చాయి. ఆగస్టు 21న బాంబే హైకోర్టు ఔరంగాబాద్ బెంచి, మర్కజ్‌కు వచ్చిన విదేశీయుల మీద పెట్టిన కేసులు కొట్టేస్తూ, వాళ్లను బలిపశువులను చేశారని చెప్పింది. తీర్పు ఎంతమందికి ఫార్వర్డ్ అయింది? మా గ్రూపుల్లో నాకు ఒక్కటంటే ఒక్కటి రాలేదు. కోపానికి కాళ్లెక్కువ అన్నది కొలిచి చూసిన సంగతే. 2017లో వచ్చిన ఒక అమెరికా అధ్యయనం 5 లక్షల 60 వేలకు పైగా ట్వీట్లను చూసి, తప్పొప్పుల తీర్పు, ఆవేశం కలిసిన మాట ఒక్కోటి చేరినకొద్దీ ఆ ట్వీటు పాకడం సుమారు 20 శాతం చొప్పున పెరుగుతుందని తేల్చింది.

రెండో వేవ్ వచ్చేసరికి భాష మొత్తం మారిపోయింది. 2021 మే 7న దేశంలో ఒక్కరోజు కేసులు 4 లక్షల 14 వేలు దాటాయి. అప్పటి ట్విటర్, ఫేస్‌బుక్ పోస్టులు చూస్తే అన్నీ ఒకే అచ్చులో పోసినట్టు ఉంటాయి. పేషెంట్ పేరు, వయసు, ఊరు, బ్లడ్ గ్రూపు, ఆక్సిజన్ సాచురేషన్ (ఎస్పీఓటూ) ఎంత, ఏం కావాలి, పేషెంట్ వెంట ఉన్న అటెండర్ ఫోన్ నంబరు. విశేషణం ఒక్కటి ఉండదు, ఉంటే ‘అర్జెంట్’. తండ్రి ఊపిరి అందక ఎగపోస్తుంటే పక్కన కూర్చుని, వణికే వేళ్లతో ‘ఏజ్ 61, ఎస్పీఓటూ 79’ అని కొట్టిన కూతురి మనసు ఆ వరసల్లో ఎక్కడుంది? అంతటా ఉంది. బాధను పక్కనపెట్టి సమాచారాన్ని మాత్రమే రాయగలగడమే అప్పుడు ప్రేమ. ‘మా నాన్న చాలా మంచివాడు, కాపాడండి’ అని రాస్తే ఎవరికీ ఏ దారీ దొరకదు. నంబరు ఉంటేనే ఎవరో ఒకరు ఫోన్ చేస్తారు.

ఇలా అడిగేవాళ్లకు బెడ్లు వెతికిపెట్టే గ్రూపుల్లో రాత్రింబవళ్లు పనిచేసిన ఒక కుర్రాడు నాతో ఒక మాట చెప్పాడు. అర్ధరాత్రి ఎక్కడో బెడ్ ఖాళీ అయిందని తెలిసి అటెండర్‌కు ఫోన్ చేస్తే, అవతల గొంతు చాలా మర్యాదగా ‘ఇక అవసరం లేదండి, ఇంకెవరికైనా ఇవ్వండి’ అనేదట. చనిపోయారన్న మాట అనేవాళ్లు కాదు. తను కూడా అడిగేవాడు కాదు. గ్రూపులో ఆ పోస్టు కింద ‘క్లోజ్డ్’ అని పెట్టి తర్వాతిదానికి వెళ్లేవాడు. ఆ ‘క్లోజ్డ్’ అన్న మాట టైపు చేయడం తనకు ఇప్పటికీ కష్టమేనని, ఆఫీసు పనిలో కూడా దాన్ని తప్పించుకుంటానని అన్నాడు.

ఇలా సాయం అడిగేవాళ్ల నోరు నొక్కే ప్రయత్నాలు జరుగుతున్నాయన్న మాట సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. 2021 ఏప్రిల్ 30న జస్టిస్ చంద్రచూడ్, మన జస్టిస్ లావు నాగేశ్వరరావు, జస్టిస్ రవీంద్ర భట్ల ధర్మాసనం, సోషల్ మీడియాలో బెడ్ కోసం, ఆక్సిజన్ కోసం అడిగేవాళ్లను వేధిస్తే కోర్టు ధిక్కారంగా చూస్తామని గట్టిగా చెప్పింది. ఆ పోస్టులను ‘వదంతులు’గా కాక పౌరుల ఆర్తనాదంగా చదివిన తీర్పరులకు నేను రుణపడి ఉన్నాను.

అయితే ఆర్తితో అడిగినవన్నీ పనికొచ్చినవి కావు, ఇది చెప్పడం నాకే బాధగా ఉంది. ఆ రోజుల్లో, కోలుకున్నవాళ్ల రక్తం నుంచి తీసి రోగికి ఎక్కించే ప్లాస్మా కోసం ఎన్ని వేల పోస్టులు! కోలుకున్నవాళ్ల ఇళ్లకు వెళ్లి బతిమాలినవాళ్లున్నారు. 464 మందితో 39 ఆసుపత్రుల్లో భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) జరిపిన ప్రయోగంలో ప్లాస్మా వల్ల ఉపయోగం కనబడలేదని 2020 అక్టోబరుకే ప్రచురితమైంది. చికిత్స మార్గదర్శకాల నుంచి దాన్ని తీసేసింది మాత్రం 2021 మే 17న. మధ్యలో ఏడు నెలలు, అందులో ఘోరమైన ఆ ఏప్రిల్, మే నెలలు, జనం ఆశంతా ఫోన్లలో ప్లాస్మా అని అరుస్తూ తిరిగింది. అదే మే నెలలో కృష్ణపట్నంలో ఆనందయ్య మందు కోసం వేలమంది బారులు తీరారు. ఆశను మాటల్లో చెప్పినవాళ్లు తక్కువ, లొకేషన్ షేర్ చేసినవాళ్లు ఎక్కువ.

చావు కబురు చెప్పే తీరు ఇంకో సంగతి. తెలుగులో ‘చచ్చిపోయాడు’ అని మనవాళ్ల గురించి అనం. పోయారు, కాలం చేశారు, ఇక లేరు అంటాం. శివైక్యం చెందారంటారు కొందరు. క్రైస్తవ కుటుంబాల్లో ‘ప్రభువునందు నిద్రించారు’ అంటారు. ముస్లిం మిత్రులు ‘ఇన్నా లిల్లాహి’ అని మొదలుపెడతారు. ఉద్యమాల్లో ఉన్నవాళ్లు జోహార్లు అర్పిస్తారు. మామూలు రోజుల్లో ఈ మాటలు వేర్వేరు వీధుల్లో వినబడేవి. 2021 మేలో అన్నీ ఒకే తెరమీద, ఒకదాని కింద ఒకటి, వేలు ఆగకుండా జరుపుతుంటే వచ్చేవి. ఒక దశలో మా కాలనీ గ్రూపులో మాటలు పోయి ‘ఓం శాంతి’ ఒక్కటే మిగిలింది. ఇంకొన్నాళ్లకు అదీ పోయి దండం బొమ్మ మిగిలింది. మనుషుల్లో జాలి ఎండిపోయిందని కొందరు అప్పుడు బాధపడ్డారు. నాకలా అనిపించలేదు. చావింటికి వెళ్లినవాళ్లు ఏం మాట్లాడతారు? కాసేపు కూర్చుంటారు, చేయి పట్టుకుంటారు, వచ్చేటప్పుడు ‘వెళ్లొస్తాం’ అనకుండానే లేచి వచ్చేస్తారు. మాటలేకపోవడం మన పరామర్శలో మొదటినుంచీ ఉన్న మర్యాదే. ఆ మర్యాదకు ఫోన్‌లో దొరికిన రూపం ఆ రెండు చేతుల బొమ్మ. ఫేస్‌బుక్ కూడా గుండెను హత్తుకున్న ‘కేర్’ బొమ్మను 2020 ఏప్రిల్‌లో అందుకే తెచ్చింది. చావు కబురు కింద బొటనవేలు నొక్కలేక వేళ్లు ఆగిపోయిన అనుభవం అందరికీ ఉంది.

దుఃఖం బహిరంగంగా తక్కువ కనబడటానికి ఇంకో కారణం ఉంది. న్యూయార్క్ టైమ్స్ వ్యాసాల మీద 2012లో వచ్చిన ఒక అధ్యయనంలో కోపం, ఆందోళన, అబ్బురం కలిగించేవి ఎక్కువమంది పంచుకున్నారని, దిగులు పుట్టించేవి తక్కువ పంచుకున్నారని తేలింది. దిగులు మనిషిని కదలనివ్వదు. అందుకే మన దిగులు వాట్సాప్ స్టేటస్‌లో సర్దుకుంది. నాన్న ఫోటో, పుట్టిన తేదీ, పోయిన తేదీ, వెనక ఒక పాట. ఇరవై నాలుగు గంటలు ఉండి పోతుంది. నంబరు ఉన్నవాళ్లకే కనిపిస్తుంది. ఎవరెవరు చూశారో తెలుస్తుంది. విమానాలు ఆగిపోయి, తండ్రి దహనాన్ని న్యూజెర్సీలోనో మెల్‌బోర్న్‌లోనో ఫోన్‌లో చూసిన కొడుకులకు అదే పెద్దకర్మ అయింది. చితి దగ్గర ఫోన్ పట్టుకున్న మేనమామ చేయి వణికి తెరంతా ఆకాశమే కనబడిందని, ‘కిందికి పెట్టు మామయ్యా’ అనడానికి నోరు రాలేదని అలాంటి కొడుకు ఒకరు నాతో అన్నారు.

ఈ మహమ్మారిలో మొదటి పెద్ద సామూహిక దుఃఖం మాత్రం చైనాలో రాత రూపం తీసుకుంది. కొత్త జబ్బేదో వచ్చిందని 2019 డిసెంబరు 30న తోటి డాక్టర్లను ఒక చాట్ గ్రూపులో హెచ్చరించి, పోలీసుల మందలింపు తిన్న వూహాన్ కంటి డాక్టరు లీ వెన్‌లియాంగ్ 2020 ఫిబ్రవరి 7న అదే జబ్బుతో కన్నుమూశారు. తనకు జబ్బు నిర్ధారణ అయిందని ఫిబ్రవరి 1న చైనా సోషల్ మీడియా వీబోలో పెట్టిందే ఆయన చివరి పోస్టు. మొదట దాని కింద కోపం, కన్నీళ్లు. తర్వాత మెల్లగా మామూలు మాటలు. ఇవాళ వాన పడింది డాక్టరు గారూ, రేపు నాకు పరీక్ష, మా ఊళ్లో చెర్రీలు పూశాయి, ఇలాంటివి. కామెంట్లు పది లక్షలు దాటాయి. అక్కడివాళ్లు దాన్ని ‘ఏడుపు గోడ’ అన్నారు. జవాబు ఇవ్వలేని మనిషికి రోజువారీ కబుర్లు చెప్పడం పిచ్చితనంలా కనిపిస్తుందేమో గానీ, ఏటా తద్దినం రోజున విస్తరి ముందు కూర్చుని ‘నాన్నకు గారెలంటే ఇష్టం’ అనుకునేవాళ్లకు అందులో వింతేమీ ఉండదు.

మా స్నేహితుడు మే 11న పోయాడు. గ్రూపులో ఆ రోజు రాసినవి చాలానే ఉన్నాయి, మళ్లీ పైకి జరిపి చదివే ధైర్యం ఎవరికీ లేదు. వాడి పేరు సభ్యుల జాబితాలో అలాగే ఉండేది. ఎవరైనా పాత స్కూలు ఫోటో పెడితే మరో నలుగురు దాంట్లో వాణ్ని గుర్తుపట్టేవాళ్లు. అలవాటులో ఎవరో ఒకరు వాణ్ని ట్యాగ్ చేసేవాళ్లు. నూట ఇరవై రోజులు ఎవరూ తెరవకపోతే వాట్సాప్ ఆ ఖాతాను తీసేస్తుందని మాకు తెలియదు. సెప్టెంబరులో ఒకరోజు గ్రూపు మధ్యలో, బూడిద రంగులో, వాడి పేరు పక్కన ‘లెఫ్ట్’ అని ఒక చిన్న వరస పడింది. చాలాసేపు ఎవరూ ఏమీ రాయలేదు. మా అడ్మిన్ ఆ నంబరును మళ్లీ చేర్చబోయాడు. ఈ నంబరుకు వాట్సాప్ లేదని వచ్చింది. అతను ఇంకోసారి నొక్కి చూశాడు.